కట్టుకథకు గట్టి పునాది కావలెను

మాయలు, మంత్రములు, నక్షత్రలోక ప్రయాణములు వ్రాయువానికి పరిశోధనతో పనిలేదని మనలో పెక్కురు తలచుచున్నారు. చరిత్ర వ్రాయువాడు శాసనములు చదువవలెను, వైద్యగ్రంథము వ్రాయువాడు రోగులను చూడవలెను గాని, లేనిదానిని కల్పించువానికి గ్రంథాలయమేల, నిఘంటువేల అని వారి వాదము. ఈ వాదము సరికాదని మా అభిప్రాయము. ఉన్నదానిని వ్రాయువానికంటె లేనిదానిని వ్రాయువానికే ఆధారముల అవసరము ఎక్కువ. ఈ సంగతి మన యువజనులకును, వారికంటె ముఖ్యముగా వారి తల్లిదండ్రులకును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

ఇప్పుడీ ప్రస్తావన యేల అని అడుగవచ్చును. మన యిండ్ల పిల్లలు కథలు వ్రాయుచున్నారు. కొందరు తెలుగున, కొందరు ఇంగ్లీషున, మరికొందరు ఇంట తెలుగు మాటలాడుచు బడిలో నేర్చిన తమిళముననో, కన్నడముననో, ఒడియాలోనో, మరాఠీలోనో వ్రాయుచున్నారు. వానిలో కొన్నిటిని మేము చదివితిమి. ఊహకు కొదువలేదు. కాని ఆ కథలలో కోటలపై మంచు కురియుచుండును. వ్రాసిన బిడ్డ మంచును కన్నులార చూచి యెరుగదు. రాజ్యమున్నది గాని అందు సంత లేదు, తూకము లేదు, నాణెము లేదు, రైతు ఏమి పండించునో తెలియదు. మాంత్రికుడు విదేశపు చలనచిత్రమునుండి దిగివచ్చినవాడు. రాకెట్టు కూడ అచ్చటి సరుకే. ఇది పిల్లల దోషము కాదు. వారి చేతికి అందినది అదియే. పెద్దలము మనము అందించినది వేరొకటి లేదు.

మేము వ్యాపారులము గనుక వ్యాపారపు మాటతోనే చెప్పుదుము. అద్భుతకథ వ్రాయువాడు పాఠకుని యొద్ద ఒక్క వస్తువును అరువు తెచ్చుకొనును. మనిషి కంటికి కనబడకుండ పోయెననియో, యంత్రమొకటి గడచిన కాలమునకు తీసికొనిపోయెననియో చెప్పుట ఆ అరువు. పాఠకుడు ఉదారుడు, ఇచ్చును. కాని తక్కిన సరుకంతయు రొక్కము చెల్లించి కొనవలసినదే. గుఱ్ఱము దినమునకు ఎంత దూరము నడచును, ముట్టడిలోని కోటలో ధాన్యము ఎన్ని నెలలు వచ్చును, చీకటి రాత్రి ఏ నక్షత్రము ఏ దిక్కున కనబడును, ఇవి సరిగా లేనిచో పాఠకుడు మొదట ఇచ్చిన అరువును కూడ వెనుకకు లాగుకొనును.

ఫ్రాన్సు దేశపు జూల్ వెర్న్ 1865లో చంద్రలోక యాత్రను గూర్చి నవల వ్రాసెను. అందు 900 అడుగుల పొడవుగల ఫిరంగినుండి ముగ్గురు మనుష్యులను గుండులో కూర్చుండబెట్టి చంద్రునివైపు ప్రేల్చుదురు. వేగము సెకనుకు 12,000 గజములు. ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితముతో లెక్క వేసినచో, అంత తక్కువ దూరములో అంత వేగము పుట్టింపవలెనన్న, లోనివారిపై భూమ్యాకర్షణకు 20,000 రెట్లు మించిన ఒత్తిడి పడును. 60 కిలోల మనిషి తన దేహమే 12 లక్షల కిలోల బరువై నలిగిపోవును. వెర్న్ ఈ ఆక్షేపణను ఊహించెను. అందుకే గుండు అడుగున నీటి పొరలు అమర్చి దెబ్బ తగ్గునని చెప్పెను. అది చాలదు; అదియే ఆయన పాఠకుల యొద్ద తెచ్చుకొన్న అరువు. కాని తక్కినదంతయు రొక్కమే. చంద్రుడు నడినెత్తికి వచ్చుట భూమధ్యరేఖకు ఇరువైపుల సుమారు 28 డిగ్రీల లోపలనే గనుక, ఆ ఫిరంగిని అమెరికాలో ఫ్లోరిడా ప్రాంతమున నాటించెను. నూటనాలుగేండ్ల తరువాత, 1969లో, నిజముగా చంద్రునిపై కాలుమోపినవారు బయలుదేరినదియు ఫ్లోరిడానుండియే. కారణములు పూర్తిగా ఒకటి కావు. అయినను పటము ముందు పెట్టుకొని వ్రాసినవాని ఊహ ఎంత దూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లండు రచయిత హెచ్. జి. వెల్స్ 1897లో అదృశ్యమానవుని కథ వ్రాసెను. రష్యా శాస్త్రరచయిత పెరెల్మాన్ దానిలోని లోపమును ఎత్తి చూపెను. కన్ను చూడవలెనన్న వెలుగు కంటి వెనుకనున్న తెరపై పడి అచ్చట ఆగవలెను. దేహమంతయు గాజుకంటె స్వచ్ఛమై వెలుగు ఆరపార పోయినచో ఆ తెరపై బొమ్మ ఏర్పడదు. అనగా లోకమునకు కనబడని మనిషికి లోకమును కనబడదు. ఈ సంగతి తెలిసిన మన బిడ్డ కథ చెడిపోవునా? చెడదు, బాగుపడును. ఎవరికిని కనబడక, తానును ఏమియు చూడలేక తడుముకొనుచు తిరుగు దొంగ కథ ఎంత చక్కగా నుండును! శాస్త్రము ఊహకు శత్రువు కాదు. క్రొత్త మలుపులు చూపు మిత్రుడు.

ఇక మన సంగతి. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369' చిత్రమును మన యిండ్లలో చూడనివారు అరుదు. కాలయంత్రము అరువు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరము రొక్కము. ఆ నగరమును మరల కథలో కట్టదలచిన యువకునకు ఆధారములు లేకపోలేదు. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కొంత తరువాత వచ్చిన నూనిజ్ వ్రాసిన వృత్తాంతములను రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషున 1900లో ప్రకటించెను. నగరము రోమంత పెద్దదనియు, వీధులలో కెంపులు, వజ్రములు, ముత్యములు అమ్ముదురనియు పేస్ చెప్పెను. బళ్లారి, హోసపేట ప్రాంతముల మన సోదరులకు హంపి ఒక పూట ప్రయాణము. పుస్తకము చేతబట్టుకొని ఆ శిథిల వీధులలో నడచిన బిడ్డకు మంచు కోటలతో పనియుండదు.

రాజ్యమును కల్పించువానికి జనుల నిత్యజీవనము కావలెను. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడెను. 1955లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. తిండి, బట్ట, ఆట, పండుగ, దండన, వర్తకము, అన్నియు అందున్నవి. ఆయన వానిని కావ్యములనుండియే ఏరిరి. ఓరుగల్లు వీధులలో తిరిగి చూపు 'క్రీడాభిరామము', వృత్తులను ఆటలను వరుసపెట్టి చెప్పు అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' అట్టి గనులు. కథనములో సాహసము నేర్వదలచినవారు పింగళి సూరన 'కళాపూర్ణోదయము' చూడవలెను. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమిపై నిజముగా జరుగుట అందలి విచిత్రము. పదునారవ శతాబ్దిలోనే మనవారు ఈ పని చేసియుండగా, ఇది విదేశపు విద్య అనుట యెట్లు?

మాటల కొఱకు బ్రౌను దొర 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇంగ్లీషు బడి పిల్లలకు కూడ అనువైనది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పూనికతో వచ్చిన 'మాండలిక వృత్తిపదకోశము'లో 1962 నాటి సంపుటము వ్యవసాయమునకు, 1971 నాటి సంపుటము చేనేతకు సంబంధించినవి. మగ్గపు భాగములకు పేర్లు తెలియని రచయిత మాయా వస్త్రము నెట్లు నేయించును? శాస్త్రవిషయములను తేట తెలుగున చెప్పిన మహీధర నళినీమోహన్‌గారి 'క్యాలెండర్ కథ' చదివినవాడు తన కల్పిత లోకమునకు పంచాంగమును తానే కట్టగలడు. తమిళనాట మన యిండ్లలో ఉగాది చాంద్రమానమున, ఇరుగుపొరుగు వారి సంవత్సరాది సౌరమానమున వచ్చును. ఒకే వీధిలో రెండు కాలములు నడచుట మనకు అలవాటైనది గనుక వింతగా తోచదు. కథకునికి అది చేతికందిన బంగారము.

ఊళ్ల కథల కొఱకు కైఫీయతులున్నవి. కర్నల్ మెకంజీ కొఱకు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మున్నగువారు ఊరూర తిరిగి కోటలు, చెరువులు, దేవాలయముల పుట్టుకను గూర్చి జనులు చెప్పుకొను మాటలను వ్రాయించి సేకరించిరి. వానిలో పెక్కు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నిలిచినవి. తంజావూరు సరస్వతీ మహలులో నాయకరాజుల, మరాఠా రాజుల కాలపు తెలుగు కావ్యములు, యక్షగానములు తాళపత్రములపై నున్నవి. 1798 నుండి 1832 వరకు ఏలిన శరభోజి రాజు అచ్చటికి ఐరోపా శాస్త్రగ్రంథములను తెప్పించెను. కంటి చికిత్సల వివరములను చిత్రములతో వ్రాయించెను. తెలుగు యక్షగానములు, పాశ్చాత్య వైద్యము ఒకే కోటలో కలిసిన ఆ కాలమును మించిన రంగస్థలము విజ్ఞానకథకు ఎక్కడ దొరకును?

ఆకాశము కావలసినవారికి కొడైకెనాల్ సూర్య పరిశోధనాలయమున్నది. 1904 నుండి తీసిన సూర్యుని ఛాయాచిత్రములు అచ్చట భద్రపరుపబడి, నేడు ఎవరైన చూచుటకు వీలుగ కంప్యూటరులో చేర్చబడినవి. జవ్వాది కొండలలో కావలూరు వద్ద 2.34 మీటర్ల దూరదర్శిని గలదు. బరంపురము ప్రాంతపు మనవారు సామంత చంద్రశేఖరుని చరిత్ర తెలిసికొనవలెను. 1835లో ఒడిశాలో జన్మించిన ఆయన వెదురుతోను కొయ్యతోను సాధనములు చేసికొని, వట్టి కంటితో గ్రహములను కొలిచి 'సిద్ధాంత దర్పణము' రచించెను. ఇక శ్రీహరికోట! చెన్నపట్టణమునుండి కొన్ని గంటల ప్రయాణము, తెలుగు నేల, యానాదులు పుట్టి పెరిగిన దీవి. 1971లో అచ్చటినుండి తొలి రాకెట్టు ఎగిరెను. 2023లో చంద్రయాన్-3 బయలుదేరినది అచ్చటినుండియే. ప్రజలు ప్రయోగములు చూచుటకు 2019లో గ్యాలరీ తెరచిరి. యానాదుల అడవి జ్ఞానమును, రాకెట్టు మంటను ఒక్క కథలో కూర్చువాడు మన పిల్లలలోనే ఉండవచ్చును.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడును. ఇంత చదివినచో ఊహ ఎండిపోవునని మొదటిది. అంగడిలో సరుకెంత యున్నను అద్దాల బీరువాలో పెట్టునది కొంతయే; తక్కినది గదిలో నుండును. గదిలో సరుకున్నదని బేరగాడు వర్తకుని ముఖము చూచియే గ్రహించును. పాఠకుడును అట్లే గ్రహించును. చదివినదంతయు కథలో గ్రుమ్మరింప నక్కరలేదు. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు, ఈ గ్రంథములు వారికేల అనునది రెండవది. ఇది బాధాకరమైన నిజము. కాని అక్షరములు నేర్చుకొనుమని మనము ఎన్ని మారులు చెప్పినను వినని పిల్లవాడు, తన కథలోని మాంత్రికునికి మంత్రము కావలసివచ్చినపుడు తానే వచ్చి అడుగును. 1947లో చెన్నపట్టణమున పుట్టిన 'చందమామ' మన తరమువారికి అక్షరములపై ఆకలి పుట్టించినది ఉపదేశముతో కాదు, దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' వంటి ధారావాహికలతో. ఆ పత్రిక నేడు లేదు. ఆ ఆకలిని పుట్టించు భారము మనపై పడినది.

అన్నిటికంటె పెద్ద గ్రంథాలయము మన యిండ్లలోనే ఉన్నది. అదియే అన్నిటికంటె వేగముగ నశించుచున్నది. తాతల నాటి ఆవర్జాలు, చిట్టాలు, జాబులు, పంచాంగములు అటకలపై నున్నవి. ఏ సరుకు ఏ రేవునుండి వచ్చెనో, కరవు సంవత్సరమున ధర ఎంత పెరిగెనో, బండి కూలి ఎంతయో వానిలో నున్నది. బేరగానికి తెలియకుండ అంకెలను చెప్పుకొనుటకు వర్తకులు వాడిన రహస్యపు మాటలు కొందరు వృద్ధుల నోటనే మిగిలినవి. కథకుడు గుప్తభాష కొఱకు తల బ్రద్దలు కొట్టుకొనుచుండగా మన తాతల గుప్తభాష వారితోనే పోవుచున్నది. ఇల్లు మారినపుడెల్ల ఆ చిట్టాలు చిత్తుకాగితముల వానికి తూకమున పోవుచున్నవి. ఒక కిలో కాగితమునకు వచ్చు రూకలెన్ని? పోవు సంపద ఎంత?

కావున మేము సంఘము ముందు కొన్ని సూచనలు ఉంచుచున్నాము. వార్షికోత్సవమున శాలువలకు, దండలకు అగు వ్యయములో సగము తగ్గించి, పైన చెప్పిన గ్రంథములలో దొరకునవి కొని కార్యాలయమున ఒక బీరువా నింపవలెను. పాత చిట్టాలను, జాబులను ఎవరును పారవేయక సంఘమునకు చూపవలెను. ఇచ్చివేయ నక్కరలేదు, ఛాయాచిత్రములు తీసికొని యజమానికే తిరిగి యిత్తుము. తాళపత్రములున్నవారు తామే నూనె పూయుటకు, విప్పుటకు ప్రయత్నింపక తెలిసినవారికి కబురు చేయవలెను. నెలకొక ఆదివారము వృద్ధులొకరు యువజనులకు తమ వృత్తిని గూర్చి చెప్పవలెను. పిల్లలు దానిని వ్రాసికొనవలెను. ఏటికొకసారి తంజావూరికో, హంపికో, శ్రీహరికోటకో పిల్లలను తీసికొనిపోవలెను.

ఇందు ఒక్కటియు మన శక్తికి మించినది కాదు. తరతరములుగా పరాయి నేలపై అంగళ్లు నిలిపిన వారము. ఒక బీరువా నిలుపలేమా? మన పిల్లలు రేపు ఏ భాషలో వ్రాసినను వ్రాయనిండు. వారు కల్పించు లోకములలో మన సంత, మన మగ్గము, మన చిట్టా, మన మాట ఉండవలెనన్న, వానిని వారికి చూపవలసినవారము మనమే. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెత్తుము. సభ్యులు తమ అటకలను ఒకమారు చూచుకొని రావలెనని మా ప్రార్థన.