రోజుకో భాగం, భాగానికో చెంపదెబ్బ

మా అత్తగారి మీద ఒక కథ రాశాను. ఆవకాయ కలిపే రోజు ఆవిడ ఉప్పు మరిచిపోవడం, ఆ మతిమరుపుని మేమెవరం పట్టించుకోకపోవడం. అంతే. ఒక కథల యాప్‌లో పెడితే 40 మంది చదివారు. అదే యాప్‌లో కోడలి చెంప పగిలే దగ్గర ‘ఇంకా ఉంది’ అని ఆపిన సీరియల్‌కి వేలల్లో చదువరులు!

నేనూ ఆశపడ్డాను. రెండో కథలో అత్తగారిని రాక్షసిని చేసి 11 భాగాలు లాగాను. రోజూ రాస్తేనే పైన కనబడతాం, పిల్లాడికి జ్వరమొచ్చి ఒక్క రోజు మానేస్తే కిందికి పోతాం. చదువరులు పెరిగారు. ఆ సంతోషం మా అత్తగారితో చెప్పుకోలేకపోయాను.

వారపత్రికలూ ఉత్కంఠ దగ్గరే ఆపేవి, కాదనను. తిరుగుటపా స్టాంపులు అంటించి ఎదురుచూసిన మనకి యాప్ తలుపు తీసింది, అదీ కాదనను. కానీ ఎడిటరుతో వాదించొచ్చు. ఈ లెక్కల యంత్రంతో ఏం వాదిస్తాం? మనం ఎక్కడ చదవడం ఆపామో దానికి తెలుసు, ఎందుకు ఆపామో తెలీదు. పప్పు మాడుతోందనీ ఆపుతాం కదా!

మన విజయనగరం గురజాడ వారు కన్యాశుల్కాన్ని 1897లో అచ్చు వేయించి, తిరగరాసి 1909లో మళ్లీ వేయించారు. 12 ఏళ్లు! పక్కనే శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు పెట్టిన కథానిలయం, ఎంతమంది చదివారని అడక్కుండానే కథను దాస్తుంది.

‘తరువాయి ఎప్పుడండీ?’ అంటున్న అక్కచెల్లెళ్లూ, పన్నెండో భాగం రాదు. ఉప్పు మరిచిన అత్తగారి కథే మళ్లీ రాస్తున్నాను.