వణికే చేతులను చూసి నవ్వడం ఇక చాలు



చేతుల వణుకుకు ఉర్దూలో ఒక పాత మాట ఉంది. రాషా. యూనానీ హకీములు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నరాల బీమారీల గురించి చెప్తూ రాషా గురించి కూడా రాశాడు. అంటే చేతి వణుకును ఒక మర్జ్‌గా చూసి, దాని సబబ్ వెతికే అలవాటు మనకు చాలా పాతది. కానీ మన ఇళ్లలో చేయి వణికితే హకీమ్ కంటే ముందు మజాక్ వస్తుంది. "కైకూ కాంప్‌రై రే? చోరీ కర్‌కే ఆయా క్యా?" అని ఒకరంటారు, పదిమంది నవ్వుతారు. ఆ నవ్వుకు షర్మ్ పడి మనిషి చేతులు దాచుకుంటాడు. బీమారీ కూడా ఆ చేతులతో పాటే దాక్కుంటుంది.

ఈ మాట నాకు కీబోర్డు ముందు కూర్చున్నాకే బాగా అర్థమైంది. అందుకే ఈరోజు పియానో, రియాజ్, వణుకు మూడింటి గురించీ రాస్తున్నా.

మాది సూళ్లూరుపేట. ఇక్కడ అసలైన పియానో ఉన్న ఇల్లు నేనింతవరకూ చూడలేదు. ఉన్నవన్నీ కరెంటు కీబోర్డులే. గ్రేడు పరీక్షలు రాసే పిల్లలను అమ్మానాన్నలు లోకల్ ట్రైన్ ఎక్కించి, దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి తీసుకెళ్తారు. నేను నలభై దాటాక మా అమ్మాయితో పాటు మొదలుపెట్టాను. "ఈ ఉమర్‌లో ఇదేం షౌఖ్ ఆపా?" అన్నవాళ్లున్నారు. మౌసిఖీ జాయెజా కాదా అనే బహస్ పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ బహస్ ఈరోజుది కాదు. మన తెలుగు ముస్లిం ఖాందాన్‌లలో సాజ్ పట్టిన చేతులు తక్కువేం కాదని మాత్రం గుర్తు చేస్తాను. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ (1924-1999) నాదస్వరం దక్షిణ దేశమంతా వినిపించింది. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇక వణుకు సంగతి. చేతిలో చాయ్ గ్లాసు ఉంటే తొణికితే తప్ప వణుకు కనబడదు. పియానో మీద అలా దాచలేం. ఒక మీటను మెల్లగా నొక్కితే మెల్లని సవ్వడి, గట్టిగా నొక్కితే గట్టి సవ్వడి. చేయి కొంచెం అదిరితే ఒక స్వరం బలంగా, పక్కది బలహీనంగా పలుకుతుంది. ఒక్కోసారి ఒకే మీట రెండుసార్లు మోగుతుంది. వేగంగా వాయించేటప్పుడు ఇది అంతగా తెలియదు. నిదానంగా, మెత్తగా వాయించే చోటే బయటపడుతుంది.

మొదట అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. వణకని చెయ్యి ఈ దునియాలో లేదు. చేయి ముందుకు చాపి, వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పెట్టి చూడండి. దాని అంచు సన్నగా అదురుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేయి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు కదులుతూనే ఉంటుంది. భయం వేసినా, నిద్ర చాలకపోయినా, కడుపు ఖాళీగా ఉన్నా, చాయ్ కాఫీ ఎక్కువైనా ఆ సన్నటి కదలిక పెద్దదవుతుంది. పరీక్ష గదిలో పిల్లల చేతులు వణికేది ఇందుకే. ఖౌఫ్ వేస్తే ఒంట్లో అడ్రినలిన్ లేస్తుంది, గుండె దడదడలాడుతుంది, వేళ్లు చల్లబడతాయి. అది పిల్ల కమ్‌జోరీ కాదు, రియాజ్ చేయలేదనడానికి సబూత్ అంతకన్నా కాదు. వ్లదీమిర్ హోరోవిట్జ్ లాంటి ఉస్తాదే 1953 నుంచి 1965 దాకా, పన్నెండేళ్లు జనం ముందు కచేరీ చేయలేదు. అలాంటిది పదేళ్ల పిల్లకు చేయి వణికిందని ఇంటికొచ్చాక డాంట్ వేయడం ఏం ఇన్సాఫ్?

రెండో రకం వణుకుకు బయట ఒక కారణం ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే చేతులు వణుకుతాయి, బరువు తగ్గుతుంది, ఉక్కపోస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. దమాకు వాడే కొన్ని ఇన్‌హేలర్లతో కూడా వణుకు వస్తుంది. షుగరుకు మందులు వాడేవాళ్లకు రక్తంలో షుగరు పడిపోతే వణుకు, చెమట రెండూ కలిసి వస్తాయి. రమ్జాన్‌లో దీన్ని ఆకలి అనుకుని ఓర్చుకోకండి. వెంటనే షుగరు చూసుకోవాలి, 70 కంటే తగ్గితే రోజా విప్పేయాలి. బీమార్‌కు రుఖ్సత్ ఇచ్చిన దీన్ మనది.

మూడో రకం ఖాందానీ వణుకు. డాక్టర్లు ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది చాలామందికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. కప్పు ఎత్తినా, సంతకం పెట్టినా, మీట మీద వేలు పెట్టినా మొదలవుతుంది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా దీనికి ఉల్టా. చేయి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, పనిలో పెడితే తగ్గుతుంది. అది తరచుగా ఒక పక్కనే మొదలవుతుంది. నడక నెమ్మదించడం, చేతిరాత చిన్నదవడం కూడా దానితో ఉంటాయి. ఈ రెంటినీ కలిపి "బుఢాపా వచ్చింది" అనేయడం మన ఇళ్లలో మామూలు. రెండింటికీ ఇలాజ్ వేరు వేరు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు.

నా చేయి వణుకుతోందని నాకు కీబోర్డే చెప్పింది. ఎవరూ లేని గదిలో, ఏ ఖౌఫ్ లేకుండా, నాకు బాగా వచ్చిన నిదానపు పాట వాయిస్తుంటే కూడా ఉంగరపు వేలు అదిరేది. చెన్నైలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. తోడుగా అమ్మీ వచ్చింది. ఆయన నాకు కాగితం ఇచ్చి, లోపలి నుంచి బయటికి జిలేబీలా ఒక చుట్ట గీయమన్నారు. నా జిలేబీ అంచులు కాస్త గరుకుగా వచ్చాయి. పక్కన కూర్చున్న అమ్మీ చేతులను చూసి ఆయన ఆమెనూ గీయమన్నారు. అమ్మీ జిలేబీ రంపపు పళ్లలా వచ్చింది.

ఎనిమిదేళ్లుగా అమ్మీ అది దాస్తోందని ఆరోజే తెలిసింది. ఒక నికాహ్‌లో షర్బత్ ఒలికితే దగ్గరి బంధువొకరు నలుగురిలో నవ్వారట. అప్పటి నుంచి దావత్‌లకు ఏదో బహానా చెప్పి వెళ్లడం మానేసింది. మెహమాన్లు వస్తే చాయ్ ట్రే మా చెల్లితో పంపేది. సూదిలో దారం ఎక్కించలేక కుట్టుపని పక్కన పెట్టి, కళ్లు కనబడడం లేదని చెప్పింది. కళ్లజోడు మార్పించాం కూడా. ఆమెకు ఇచ్చిన మందుతో వణుకు పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. కానీ నాకు ఆ మందు కంటే పెద్దగా కనిపించింది ఇంకోటి. ఆ వణుకుకు ఒక పేరుందని, అది తన గునాహ్ కాదని తెలిశాక అమ్మీ మళ్లీ దావత్‌లకు వస్తోంది. ఎనిమిదేళ్లు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది బీమారీ కాదు, ఆ ఒక్క నవ్వు.

"ఇంకా రియాజ్ చెయ్యి, వణుకు అదే పోతుంది" అనే సలహా కూడా చాలామంది ఇస్తారు. భయంతో వచ్చే వణుకుకు అది కొంతవరకు నిజం. అన్నింటికీ కాదు. అమెరికాకు చెందిన పియానో ఉస్తాద్ లియోన్ ఫ్లైషర్ (1928-2020) సంగతి చూడండి. 1960లలో, మంచి పేరున్న రోజుల్లో, ఆయన కుడి చేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోసాగాయి. అది వణుకు కాదు, డిస్టోనియా అనే వేరే నరాల జబ్బు. పట్టుబట్టి మరింత రియాజ్ చేశాడు. వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. ఏళ్ల తరబడి ఎడమ చేతికి రాసిన సంగీతమే వాయించాడు, షాగిర్దులకు నేర్పాడు. సరైన ఇలాజ్ దొరికి, రెండు చేతులతో వాయించిన రికార్డు 2004లో వచ్చింది. సబబ్ తెలియకుండా చేసే మెహనత్ ఒక్కోసారి నుక్సాన్ చేస్తుందని ఇంతకంటే పెద్ద మిసాల్ ఏం కావాలి?

మందుల షాపు నుంచి ఒక గోలీ తెచ్చుకుని పరీక్షకో స్టేజీకో వెళ్లే అలవాటు గురించి కూడా చెప్పాలి. దాని పేరు ప్రొప్రనొలాల్. గుండె దడను, వణుకును తగ్గిస్తుంది, నిజమే. కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. కానీ దమా ఉన్నవాళ్లకు అది జాన్ మీదికి తెస్తుంది. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు, షుగరు మందులు వాడేవాళ్లకు కూడా ప్రమాదం ఉంది. పక్కింటి ఆంటీకి పనిచేసిందని మీ బేటీకి ఇవ్వకండి. చీటీ రాయాల్సింది డాక్టరే.

ఇక నా రియాజ్ ఎలా ఉంటుందో చెప్తాను. నాకు పనికొచ్చింది మీకూ పనికిరావచ్చు.

ఖాళీ కడుపుతో కూర్చోను. రియాజ్‌కు ముందు గంటన్నర చాయ్ ముట్టను. చలికాలంలో, మన పులికాట్‌కు ఫ్లెమింగోలు వచ్చే రోజుల్లో, చేతులు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి తుడుచుకుని మొదలుపెడతాను. కుర్చీ ఎత్తు మోచేయి మీటలకు సమంగా ఉండేలా చూసుకుంటాను. భుజాలు పైకి ఎత్తి పట్టుకుంటే వణుకు పెరుగుతుంది, కిందికి వదిలేస్తే తగ్గుతుంది. వేలు గాల్లోంచి మీట మీద పడకూడదు. ముందు మీటను తాకి, అక్కడ ఆగి, ఆ తర్వాత చేతి బరువుతో నొక్కాలి. ఆ తాకడంలోనే సగం అదురు ఆగిపోతుంది. శ్వాస లోపలికి పీల్చి బిగపట్టకుండా, వదులుతూ మొదటి స్వరం వాయిస్తాను. ఇరవై నిమిషాలకోసారి లేస్తాను, అలసిన చెయ్యి ఎక్కువ వణుకుతుంది కాబట్టి.

భయానికి ఇలాజ్ జనమే. మా అమ్మాయికి పరీక్ష ముందు నెల రోజులు ఇదే పద్ధతి పెట్టాం. మొదటి వారం ఫోన్‌లో రికార్డు చేసుకోవడం. రెండో వారం నానీ ఒక్కతే ముందు కూర్చోవడం. మూడో వారం ఇంటిల్లిపాదీ. నాలుగో వారం పక్కింటివాళ్లు. షరతు ఒక్కటే, వాయించేటప్పుడు ఎవరూ చేతుల మీద మాట అనకూడదు. పరీక్ష రోజు చేతులు వణికాయి. వణుకుతూనే వాయించింది, పాస్ అయింది. వణుకు పూర్తిగా ఆగాకే వాయించాలని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.

"అన్నీ అల్లాహ్ చేతిలో ఉన్నాయి, దువా చేసి ఊరుకోండి" అనే పెద్దలకు అదబ్‌తో ఒక మాట. దువా చేద్దాం. కానీ ఒంటెను కట్టేయకుండా తవక్కుల్ అనడం మన దీన్ నేర్పింది కాదు. వణుకు కొత్తగా మొదలైనా, ఒక పక్కనే ఉన్నా, రోజు రోజుకూ పెరుగుతున్నా, దానితో పాటు నడకో మాటో మారినా డాక్టరు దగ్గరికి వెళ్లడమే ఆ ఒంటెను కట్టడం. ఉన్నట్టుండి మాట తడబడి, మూతి వంకరపోయి, ఒక చెయ్యి పడిపోతే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అది ఫాలిజ్ కావచ్చు.

మిగతాది మన ఇళ్లలో మనం చేయాల్సింది. మీ ఖాలా, మీ నానీ, మీ చిచ్చా ఈమధ్య దావత్‌లకు రావడం తగ్గించారా? సంతకం పెట్టాల్సి వస్తే కొడుకును ముందుకు తోస్తున్నారా? ఒక్కసారి వాళ్ల చేతులు చూడండి, ఎవరూ లేనప్పుడు మెల్లగా అడగండి. ఈసారి దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు వాళ్లకు గ్లాసు సగమే నింపి, పిడి ఉన్న కప్పులో చాయ్ ఇచ్చి, ఏమీ అనకుండా మీ మాటల్లో మీరుండండి. ఏదైనా ఒలికితే గుడ్డ తెచ్చి తుడవండి, అంతే.