తేటనీటిలోని విషం

దేహానికి జబ్బు చేసినవానిని పరామర్శిస్తాం. మనసుకు జబ్బు చేసినవానిని మందలిస్తాం. ఇది లోకరీతి. విద్యాలయాలలోనైనా ఈ రీతి మారాలన్నది నా అభిప్రాయం.

నల్లగొండ జిల్లావారికి ఈ సంగతి బోధపరచడానికి దూరపు దృష్టాంతాలు అక్కరలేదు. మన పల్లెల బావినీళ్ళు చూపుకు తేటగానే ఉండేవి. రంగు లేదు, వాసన లేదు. ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి. పెద్దల నడుములు వంగిపోయాయి. చాలాకాలం దానిని తలరాత అనుకున్నారు. నీటిని పరీక్షించిన తరువాతనే అది ఫ్లోరైడ్ అని తేలింది. 1970వ దశకంలో నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధిచేసే విధానాన్ని రూపొందిస్తే దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. డిప్రెషన్ అనే వ్యాధి కూడా ఆ నీటివంటిదే. పైకి ఏమీ కనబడదు. లోపల మనిషి వంగిపోతూ ఉంటాడు.

మన రెండు భాషలూ ఈ బాధను ఎరుగుదును అంటున్నాయి. తెలుగువాడు దానిని 'కుంగుబాటు' అన్నాడు. నేల దిగబడినట్లు మనిషి తనలోకి తాను దిగబడడం. ఉర్దూలో 'అఫ్సుర్దగీ' అంటారు. దాని ఫారసీ మూలానికి చల్లబడి గడ్డకట్టడం అని అర్థం. యూనానీ హకీములు దీనిని 'మాలీఖూలియా' అని పిలిచి, 'సౌదా' అనే నల్లని పైత్యరసం దీనికి కారణమన్నారు. ఆ కారణాన్ని నేటి వైద్యం అంగీకరించదు. కాని పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దుఃఖంలో కారణం తెలిసినది, తెలియనిది అని రెండు విధాలున్నాయని వ్రాశాడు. కారణం చెప్పలేని దుఃఖాన్ని ఆయన నేరమనలేదు, చికిత్స చేయదగినదన్నాడు.

కొన్నేండ్ల క్రితం నా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. పద్యం చదివితే గదంతా నిశ్శబ్దమయ్యేది. ఒక చలికాలంలో వెనుక బల్లకు చేరాడు. తరువాత రావడమే మానుకున్నాడు. అందరి ఎదుట నేనతనిని సోమరి అన్నాను. చికిత్స పొంది కోలుకున్నాక ఒకనాడు చిట్యాల బస్టాండులో కనిపించి, అడుగగా ఇట్లా చెప్పాడు:

"జొన్నరొట్టె నమిలితే తడిసిన అట్టముక్క నమిలినట్లుండేది, సార్. నడిరాత్రే మెలకువ వచ్చేది. విజయవాడ రోడ్డుమీద లారీల హోరు వింటూ పడి ఉండేవాణ్ణి. ఫజర్ అజాన్ వినబడేది. లేవాలని తెలుసు, కాళ్ళు ఇసుక మూటలయ్యేవి. అమ్మీ తలకు నూనె రాస్తుంటే, ఆ చెయ్యి మరెవరి తలమీదనో ఉన్నట్లుండేది. ఏడుపైనా రాలేదు. మీరు తిట్టింది కూడా నాకు తగలలేదు సార్. గోడ అవతలినుంచి వచ్చినట్లు వినబడింది."

తగలలేదన్న ఆ మాటే నాకు బాగా తగిలింది.

రుచి, నిద్ర, ఉత్సాహం, ఏకాగ్రత రెండు వారాలకు మించి అణగిపోతే అది సోమరితనం కాదు, వైద్యుని వద్దకు వెళ్ళవలసిన స్థితి. "మనసు గట్టి చేసుకో", "పెండ్లి చేస్తే సర్దుకుంటుంది" అనే సలహాలతో అది నయం కాదు. దువా, దవా రెండూ కావాలని మన పెద్దలంటారు. చక్కెర వ్యాధికి ఈ మాట ఒప్పుకున్నవారు మనోవ్యాధి దగ్గర మాత్రం దవాను ఎందుకు దాచాలి?

దారులు మూసుకొని లేవు. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అనే నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావించమంటుంది, శిక్షించమనదు. చట్టం చూపిన ఈ దయ ఇంట్లోనూ తరగతిలోనూ కరవు కారాదు.

సహోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. హాజరుపట్టీలో ఒకే పేరుకు ఎదురుగా వరుసగా గైర్హాజరు పడుతుంటే, మందలించడానికి ముందు ఒకసారి పక్కకు పిలిచి, "బాబూ, నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా?" అని అడుగుదాం. విద్యార్థులారా, మీరూ మీ పక్కబల్లవానిని అడగండి. నేను ఆనాడు అడగలేదు.