తిరగదోడే ముందు అడగాలి, అందేలా అడగాలి

జగిత్యాల జిల్లా ధర్మపురి 2018లో మున్సిపాలిటీ అయింది. ఇంటి పన్ను నుంచి లేఅవుట్ అనుమతి దాకా పద్ధతులు మారాయని అందరికీ తెలుసు. దాంతో పాటు వచ్చిన మరో మార్పు మాత్రం చాలామంది చెవిన పడలేదు. పల్లెలోని సాగుభూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా చూడదు కాబట్టి దాన్ని అమ్మితే వచ్చే లాభానికి పన్ను లేదు. జనాభా 10,000 దాటి లక్ష లోపున్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉంటే మాత్రం అదే పొలం మూలధన ఆస్తి అవుతుంది. ఆ దూరాన్ని కొలవాల్సింది రోడ్డు మీద కాదు, గగనమార్గంలో.

నిన్నటిదాకా ఊరి శివారు అనుకున్న ఎకరం ఈ లెక్కలో ఎటు పడుతుందన్నది అమ్మే రోజున ఎవరూ ఆలోచించరు. మూడేళ్ల తర్వాత ఆదాయపు పన్ను శాఖ అడుగుతుంది.

శాఖకు కబురు ఎలా చేరుతుంది? 2026 మార్చి దాకా ఉన్న నిబంధనల ప్రకారం 30 లక్షలు, అంతకు మించిన స్థిరాస్తి లావాదేవీని సబ్ రిజిస్ట్రార్ శాఖకు తెలియజేయాల్సి ఉండేది. ఒక సంవత్సరంలో పొదుపు ఖాతాలో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు చెప్పాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లకూ అదే 10 లక్షల గీత. ఈ వివరాలను కంప్యూటర్ రిటర్నులతో సరిపోల్చుతుంది. రిటర్ను వేయని పాన్ నంబర్ మీద పెద్ద మొత్తం కనిపిస్తే జెండా ఎత్తుతుంది.

జగిత్యాల, ధర్మపురి వైపు రిటర్ను వేయని ఇళ్లలోకి పెద్ద సొమ్ము రావడానికి న్యాయమైన దారులు రెండున్నాయి. ఒకటి వరి, పసుపు, మామిడి. రెండోది గల్ఫ్. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. ఏడాదిలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉండి, దుబాయిలోనో మస్కట్‌లోనో కష్టపడి, అక్కడే అందుకున్న జీతానికీ ఇక్కడ పన్ను లేదు. కంప్యూటర్‌కు కనిపించేది అంకె మాత్రమే. ఆ అంకె వెనక ఐకేపీ కొనుగోలు కేంద్రంలో తూకం వేసిన వడ్లున్నాయా, ఎడారిలో గడిపిన ఏళ్లున్నాయా అన్నది మనిషి చెబితేనే తెలుస్తుంది.

ఆ మాట చెప్పుకునే అవకాశం కోసమే ఇన్నేళ్లుగా కోర్టుల్లో పోరు నడిచింది. మునుపు అధికారి పాత లెక్కను తిరగదోడే నోటీసు ముందే ఇచ్చేవాడు, కారణం అడిగితే తర్వాత చెప్పేవాడు, కొన్నిసార్లు అదీ చెప్పేవాడు కాదు. 2002లో జీకేఎన్ డ్రైవ్‌షాఫ్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక క్రమం పెట్టింది. పన్ను చెల్లింపుదారు అడిగితే కారణాలు ఇవ్వాలి. అతను అభ్యంతరం చెబితే దానికి జవాబుగా విడిగా, కారణాలతో ఉత్తర్వు రాయాలి. 2010లో కెల్వినేటర్ కేసులో ఇంకో గీత గీసింది. అవే కాగితాలు చూసి అధికారి అభిప్రాయం మార్చుకున్నంత మాత్రాన ముగిసిన లెక్కను మళ్లీ తెరవడానికి వీల్లేదంది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన 148ఏ సెక్షన్ ఈ రక్షణను చట్టంలోనే పెట్టింది. తిరగదోడే నోటీసు ఇవ్వకముందే తన దగ్గరున్న సమాచారం చూపించి ‘ఎందుకు తెరవకూడదో చెప్పు’ అని అడగాలి. జవాబు చదవాలి, పైఅధికారి ఆమోదంతో కారణాలు రాసిన ఉత్తర్వు ఇవ్వాలి. కొత్త సెక్షన్ వచ్చిన మొదటి మూడు నెలల్లోనే శాఖ దాన్ని పక్కనపెట్టి పాత పద్ధతిలో దాదాపు 90,000 నోటీసులు పంపింది. 2022 మే 4న ఆశిష్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తన విశేషాధికారంతో వాటిని సంజాయిషీ నోటీసులుగా మార్చి, సమాచారం ఇచ్చి జవాబు విన్నాకే ముందుకు పొమ్మంది.

మన హైకోర్టూ ఈ విషయంలో గట్టిగానే నిలిచింది. 2022 మార్చి 29 నాటి పథకం ప్రకారం ఇలాంటి నోటీసులు ముఖాముఖి లేని పద్ధతిలో రావాలి. అలా కాకుండా స్థానిక అధికారి ఇచ్చిన నోటీసులను 2023 సెప్టెంబర్ 14న తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. తర్వాత బొంబాయి హైకోర్టు అదే దారిన నడిచింది, ఢిల్లీ హైకోర్టు కాదంది, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఏది ఏమైనా, నోటీసు ఎవరు ఇచ్చారన్న ఒక్క వాదన మీద బతుకు భారం వేసి కూర్చోవడం తెలివైన పని కాదు.

అసలు చూడాల్సింది 2024 సెప్టెంబర్ 1న జరిగిన మార్పు. అందులో మంచి ఉంది. దాచిన ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటే పదేళ్ల వెనక్కి వెళ్లే అధికారాన్ని అయిదేళ్ల మూడు నెలలకు కుదించారు. అంతకు తక్కువైతే మూడేళ్ల మూడు నెలలే. ఈ గడువును ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి సంవత్సరం (అసెస్‌మెంట్ సంవత్సరం) ముగింపు నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు 2021-22లో అమ్మిన పొలం విషయంలో, అనుమానిస్తున్న ఆదాయం 50 లక్షల లోపైతే, సంజాయిషీ నోటీసుకు గడువు 2026 మార్చి 31, తిరగదోడే నోటీసుకు జూన్ 30.

అదే సవరణలో ఒక చెడు కూడా చప్పుడు లేకుండా జరిగింది. జవాబుకు కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 30 రోజులు ఇవ్వాలని 2021 నాటి సెక్షన్‌లో ఉండేది. ఇప్పుడు ‘నోటీసులో చెప్పిన గడువులోగా’ అని మాత్రమే ఉంది. చట్టంలో రాసిపెట్టిన కనీస గడువు పోయింది. అధికారి దయ ఎంతో గడువు అంత.

ఈ లోటు ఎవరి మీద పడుతుంది? హైదరాబాద్‌లో ఆడిటర్ ఉన్న కంపెనీ మీద కాదు. ధర్మపురి మండలంలో పాన్ కార్డు తీసుకునేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి ఈమెయిల్ ఇచ్చిన రైతు మీద, కొడుకు సౌదీలో ఉంటే అతని పేర వచ్చిన కబురు చదవలేని తల్లి మీద పడుతుంది. నోటీసు ఇంగ్లిషులో వస్తుంది, పోర్టల్‌లో కూర్చుంటుంది. పోర్టల్‌లో పెట్టినంత మాత్రాన అందించినట్టు కాదని 2024లో పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పింది. ఆ మాట చెప్పించుకోవడానికి హైకోర్టు మెట్లెక్కే స్తోమత ఎంతమందికుంది?

జవాబు లేకపోతే మూల్యం చిన్నదేం కాదు. అధికారి తనకు తోచిన అంచనాతో లెక్క ముగిస్తాడు. మూలం చెప్పని సొమ్ముగా తేలితే, ఈ పాత సంవత్సరాలకు 60 శాతం పన్ను, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి 78 శాతం. అమ్మిన పొలంలో నాలుగింట మూడొంతులకు పైగా సర్కారుకు పోయినట్టే.

ఎగవేతదారులు లేరని కాదు. ప్లాట్ల వ్యాపారంలో నల్లడబ్బు చేతులు మారడం, వేరే ఆదాయానికి వ్యవసాయం ముసుగు వేయడం నిజమే. పాత లెక్కలు తెరిచే అధికారం శాఖకు ఉండాల్సిందే. ఆ అధికారానికి కళ్లెం విన్నపాన్ని నిజంగా వినడంలో ఉంది. అందని నోటీసుకు రాని జవాబును ‘జవాబు లేదు’ అని రాసుకుంటే అది విచారణ అనిపించుకోదు.

2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన ఆదాయపు పన్ను చట్టం-2025లోనూ ముందుగా సంజాయిషీ అడిగే పద్ధతి కొనసాగింది. పాత సంవత్సరాల లెక్కలకు పాత చట్టమే వర్తిస్తుంది. అందుకే దాచుకోవాల్సినవి దాచుకోవాలి: పట్టాదారు పాస్‌పుస్తకం, పహాణీ, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, మున్సిపల్ హద్దు నుంచి దూరం తెలిపే తహసీల్దార్ ధ్రువపత్రం. గల్ఫ్ వెళ్లొచ్చినవారు ముద్రలున్న పాత పాస్‌పోర్టును, జీతం పత్రాలను పారేయకూడదు. నోటీసు వస్తే దాని మీది డిన్‌ను (పత్రం గుర్తింపు సంఖ్యను) శాఖ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. మోసగాళ్ల నకిలీ అక్కడే బయటపడుతుంది. నోటీసు అసలుదైతే గడువులోగా జవాబివ్వాలి, చాలకపోతే రాతపూర్వకంగా గడువు అడగాలి.

మిగతా పని ప్రభుత్వానిది. పోయిన కనీస గడువును సెక్షన్‌లో తిరిగి చేర్చి, దాన్ని 30 రోజులు చేయాలి. రిటర్ను ఎన్నడూ వేయనివారికి మొదటి నోటీసును ఈమెయిల్‌తో సరిపెట్టకుండా రిజిస్టర్డ్ పోస్టులో, తెలుగు ప్రతితో పంపాలి. రెండో పనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక ఆదేశం ఇస్తే చాలు. ఉత్తర తెలంగాణ ఎంపీలు ఈ రెండింటినీ వచ్చే ఆర్థిక బిల్లు చర్చలో అడగాలి.