ఒక లైటు తగ్గించి చూడండి

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచింది. పని వెతుక్కుంటూ తెలుగువాళ్లూ వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు అక్కడి వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది తీయకముందే పడకగది రెండర్ (కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ) ఫోన్‌లో చూసుకుంటున్నారు.

ఆ రెండర్లలో చాలావాటికి ఒకటే జబ్బు: ఎటు చూసినా ఒకే వెలుగు, ఎక్కడా నీడ ఉండదు. ముందు కిటికీ ఏ దిక్కున ఉందో తేల్చుకుని, పగటి వెలుగు అటునుంచే రప్పించాలి. అది 6,500 కెల్విన్ల తెలుపైతే, మంచం పక్క దీపానికి 2,700 కెల్విన్ల పసుపు చాలు. గోడ రంగు దుప్పటి మీదా కాస్త పడాలి. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రంగు గోడల పెట్టెతో చూపించింది ఇదే.

ఇక అలంకరణ. ఇస్త్రీ చేసినట్టున్న దుప్పటిని ఎవరూ నమ్మరు. నలిగిన బొంత, సీలింగ్ ఫ్యాను, బీరువా అద్దం, వేలాడే ఛార్జర్ తీగ పెట్టండి. మంచం అంచులు కొద్దిగా గుండ్రం చేస్తే వెలుగు వాటి మీద సన్నగా మెరుస్తుంది.

ఈ సంచికలో ఒకే గదిని ఉదయపు, రాత్రి వెలుగుల్లో చూపించాం. మీ రెండర్లూ పంపండి. పంపేముందు ఒక్క లైటు ఆర్పి చూడండి.