కార్డుకు ఊత పెట్టందే కంప్యూటర్ బిగించినట్టు కాదు



వచ్చే సర్వసభ్య సమావేశంలో మన భవనానికి కంప్యూటర్ కొనే విషయం చర్చకు రాబోతోంది. ఇళ్ళలో అవ్వాతాతలు మాట్లాడే తెలుగును వీడియో తీసి, సరిచేసి, దాచి పెట్టాలని మన పిలకాయలు అడుగుతున్నారు. మంచి పని. వీడియో పనికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నారు. అదీ సరే. ఎంత ఖర్చు పెట్టాలి, రిచీ స్ట్రీట్‌లో కొనాలా మన ఊళ్ళోనే కొనాలా అని అందరూ రాస్తున్నారు. మేము అడిగేది వేరే. ఆ కార్డు బరువును ఎవరు మోస్తారు?

నవ్వకండి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు పాతకాలపు పలుచటి పచ్చ అట్ట కాదు. 2022లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090నే తీసుకోండి. ఆ కంపెనీ తన పేరుతో అమ్మిన కార్డు పొడవు 30 సెంటీమీటర్లు, బరువు రెండు కిలోలకు పైన. 450 వాట్ల దాకా కరెంటు తీసుకుంటుంది. ఆ వేడిని బయటికి పంపడానికి లోహపు రేకుల దిమ్మ, దాని మీద ఫ్యాన్లు. బరువులో ఎక్కువ భాగం ఆ దిమ్మదే. మన పనికి అంత పెద్దది అక్కర్లేదు. కానీ మధ్యరకం కార్డుల్లోనూ కిలో దాకా తూగేవి ఉన్నాయి.

ఈ బరువును పట్టుకునేది ఏమిటి? వెనక రేకు పట్టీకి రెండు మూడు స్క్రూలు, మదర్‌బోర్డు మీద 9 సెంటీమీటర్ల స్లాటు. అంతే. మిగిలిన కార్డంతా గాలిలో నిలబడాలి. అందుకే పెట్టె ముందువైపు, అద్దం వైపు ఉండే మూల మెల్లగా కిందికి వాలుతుంది.

మొదట్లో ఇలా లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో పెట్టె బల్ల మీద పడుకుని ఉండేది, మదర్‌బోర్డు కూడా పడుకుని ఉండేది, కార్డులు నిలువుగా నిలబడేవి. పొడుగు కార్డుల ముందు కొసను పట్టుకోవడానికి పెట్టెలోనే గాడి ఉండేది. తర్వాత పెట్టెను నిలబెట్టారు. బోర్డు నిలబడింది, కార్డు పడుకుంది. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతే ఇప్పటికీ చాలా కంప్యూటర్లకు ఆధారం. మామూలు పెట్టెల్లో ఆ ముందు గాడి పోయింది. బరువు తక్కువున్న రోజుల్లో ఆసరా ఉండేది, బరువు పెరిగాక ఆసరా పోయింది. ఇదీ అసలు సంగతి.

"మా వాడి కార్డు రెండేళ్ళుగా వాలే ఉంది, ఏమీ కాలేదు కదా" అనేవాళ్ళు ఉన్నారు. నిజమే. రెండు మూడు మిల్లీమీటర్లు వాలినంత మాత్రాన కార్డు చెడిపోదు. భయపెట్టి అమ్మేవాళ్ళ మాట మేమూ నమ్మం. కానీ వాలిన కార్డు ఎప్పుడూ వంపులోనే ఉంటుంది. పని చేసేటప్పుడు వేడెక్కుతుంది, ఆపితే చల్లబడుతుంది. ఆ వంపు బలం స్లాటు దగ్గరా, చిప్పుల కింద ఉండే సన్నటి టంకం చుక్కల మీదా పడుతూనే ఉంటుంది. దాని పైన ఒక్క కుదుపు చాలు. స్లాటు కొక్కెం పట్టే చోట బోర్డుకు సన్న చీలిక వస్తుంది. తెర మీద గీతలు పడతాయి, లేదా కంప్యూటర్ కార్డును గుర్తించదు. అప్పుడు అంగడికి తీసుకుపోతే, చీలిక దెబ్బ వల్ల వచ్చింది, వారంటీ వర్తించదు అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అంత సన్న చీలికను బాగుచేసే పనివాడు ప్రతి ఊళ్ళో దొరకడు.

అరటిచెట్టు గెల వేస్తే ఏం చేస్తాం? చెట్టు ఒరిగిందాకా ఆగం. గెల బరువెక్కక ముందే ఊతకర్ర పెడతాం. ఇక్కడా అంతే. కార్డు ముందు కొస కింద ఒక ఊత పెడితే దాదాపు సగం బరువు దాని మీదకు పోతుంది. ఎత్తు సర్దుకునే చిన్న స్తంభం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పెద్ద కార్డులు చాలావాటితో కంపెనీవాళ్ళే ఊత ఇస్తారు. బిగించేవాళ్ళు తొందరలో దాన్ని అట్టపెట్టెలోనే వదిలేస్తారు, మనం ఆ అట్టపెట్టెను అటక మీద పడేస్తాం. రంగురంగుల లైట్లకు వేలు పోసే ఇళ్ళలో కూడా ఈ ఊత కనబడదు. లైటు కంటికి కనిపిస్తుంది, ఊత కనిపించదు. అందుకే దాన్ని ఎవరూ అడగరు.

పెట్టే పద్ధతి కష్టం కాదు. కరెంటు ఆపి, ప్లగ్గు పీకి, పెట్టెను పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు కార్డు నిలువుగా నిలబడుతుంది, బరువు లాగదు. అలా ఉండగానే కార్డును స్లాటులోకి పూర్తిగా దిగేలా నొక్కి, వెనక స్క్రూలన్నీ బిగించాలి. ఒక్క స్క్రూతో సరిపెట్టకూడదు. తర్వాత పెట్టెను నిలబెట్టి, ముందు కొస కింద ఊతను ఆనించాలి. కార్డు సమంగా ఉంటే చాలు, పైకి ఎత్తకూడదు. ఎత్తితే వంపు ఇటునుంచి అటు మారుతుంది, అంతే. ఊత తల కార్డు చట్రానికే తగలాలి. ఫ్యాన్ రెక్కకు గానీ, బోర్డు మీది భాగాలకు గానీ తగలరాదు. కరెంటు కేబుల్‌ను కనెక్టర్ మొదట్లోనే మడిచి బిగించకూడదు.

కార్డును అద్దం వైపు నిలువుగా పెట్టే కిట్లు కూడా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ కొన్ని పెట్టెల్లో ఫ్యాన్లు అద్దానికి మరీ దగ్గరై గాలి ఆడదు, పైగా మంచి కేబుల్‌కు వేరే ఖర్చు. మన భవనానికి అది వద్దనే మా అభిప్రాయం. బల్ల మీద చోటుంటే, గాలి దారులు మూయకుండా పెట్టెను పడుకోబెట్టి వాడటం అన్నింటికన్నా చవక.

ఇంకో మాట. మన కుటుంబాలు ఒక ఊళ్ళో ఉండవు. పిల్ల హోసూరులో, అన్న మదురైలో, చదువు చెన్నైలో. కంప్యూటర్ ఆమ్నీ బస్సు డిక్కీలోనో, లారీలోనో పోతుంది. పార్శిల్ ఆఫీసులో ఏళ్ళు గడిపినవాళ్ళం కనుక చెబుతున్నాం. అట్టపెట్టె మీద "పగిలే వస్తువు" అని ఎర్ర సిరాతో రాసినంత మాత్రాన లోపలి వస్తువు గట్టిపడదు. ప్రయాణమంటే కార్డును ఊడదీయాల్సిందే. స్లాటు కొక్కెం నొక్కి తీసి, దాని సొంత అట్టపెట్టెలో వేరేగా తీసుకుపోవాలి. నిలబడి ఉన్న కంప్యూటర్‌కు ఊత చాలు, కుదుపుకు ఊత చాలదు.

కాబట్టి సమావేశం ముందు మా ప్రతిపాదన ఇది. కొనుగోలు కాగితంలో రెండు వాక్యాలు చేర్చాలి. ఒకటి, కార్డుకు ఊత పెట్టి, సమంగా ఉందని మన మనిషి కళ్ళారా చూశాకే మిగతా డబ్బు ఇవ్వాలి. రెండు, కంప్యూటర్‌ను అంగడినుంచి భవనానికి తెచ్చేటప్పుడు కార్డు వేరేగా రావాలి, ఇక్కడికి వచ్చాక బిగించాలి. పింఛను డబ్బులోంచి చందా ఇచ్చినవాళ్ళు మనలో ఎంతోమంది. ఆ డబ్బుకు లెక్క చెప్పాల్సింది మనమే. కొన్ని వందల ఊత లేక వేల రూపాయల కార్డు చీలిపోతే, అవ్వాతాతల ముందు ఏ ముఖం పెట్టుకుని మళ్ళీ చందా పుస్తకం చాపుతాం?

మీ ఇంట్లో పెద్ద కార్డు ఉంటే ఈ ఆదివారం ఒకసారి అద్దంలోంచి పక్కనుంచి చూడండి. వాలి ఉంటే అటక మీది అట్టపెట్టె దించి వెతకండి. ఊత అందులోనే ఉండవచ్చు.