పోయినవాళ్లతో మాట్లాడితే పిచ్చెక్కుతుందా?

చనిపోయినవారి రూపాన్నో గొంతునో కంప్యూటరుతో మళ్లీ తయారుచేసి, దుఃఖంలో కూరుకుపోయినవాళ్లకు చికిత్సగా వాడొచ్చా అంటే చాలామంది మొహం చిట్లిస్తారు. పోయినవాళ్లను పోనివ్వాలి, లేకపోతే పిచ్చెక్కుతుంది అంటారు. చదువుకున్నవాళ్లయితే మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్‌ను సాక్ష్యానికి పిలుస్తారు.

పిలిచారు కాబట్టి ఆ సాక్షినే అడుగుదాం. పోయినవారి మీది మమకారాన్ని మెల్లగా వెనక్కి తీసుకోవడమే శోకం చేసే పని అని 1917లో ఆయన రాసిన మాట నిజమే. 1920లో ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో పోయింది. 1929లో, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు రాసిన ఉత్తరంలో అదే ఫ్రాయిడ్ ఈ లోటు ఎన్నటికీ పూడదనీ, పూడకపోవడమే సరైనదనీ ఒప్పుకున్నాడు. సిద్ధాంతం చెప్పినాయనకే సాధ్యపడనిది మందులచీటీలా అందరికీ రాసిచ్చేస్తున్నాం.

మన ఇళ్లలో ఈ చీటీ ఎప్పుడూ చెల్లలేదు. సంక్రాంతికి పెద్దల ఫొటో ముందు కొత్తబట్టలు పెడతాం (ఆనక వాటిని కట్టుకునేది మనమే అనుకోండి). తెలంగాణలో పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇస్తారు. వీళ్లలో ఎవరికి పిచ్చెక్కింది?

2020లో దక్షిణ కొరియా ఎంబీసీ టీవీ ఒక డాక్యుమెంటరీ చూపించింది. జబ్బుచేసి పోయిన చిన్నారి కూతురిని ఒక తల్లి వర్చువల్ రియాలిటీలో కలుసుకుంది. కళ్లకు పరికరం, చేతులకు తొడుగులు, చుట్టూ ఆకుపచ్చ తెర. పార్కులో కట్టెల చాటునుంచి పాప పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ పుట్టినరోజు కేకు ముందు కూర్చున్నారు. కాసేపటికి పాప పడుకుని నిద్రపోయింది, సీతాకోకచిలుకై ఎగిరిపోయింది. తల్లి దుఃఖాన్ని తమాషా చేశారని విమర్శకులు మండిపడ్డారు. కెమెరా పెట్టడం గురించైతే నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్ల కోపం కెమెరా దగ్గర ఆగక బొమ్మ మీదికీ పోయింది. ఆ తల్లి మాత్రం ఎన్నాళ్లనుంచో కోరుకున్న కల కన్నట్టుందనే చెప్పింది. ఆ కలయికకు ముగింపు ముందే రాసిపెట్టి ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఖాళీ కుర్చీ ఎదుట కూర్చోబెట్టి పోయినవారితో మాట్లాడించడం కౌన్సెలింగులో దశాబ్దాలుగా ఉన్నదే. కుర్చీకి ముఖం వచ్చేసరికి అది అపచారం ఎలా అయింది? అందరికీ పడుతుందని కాదు. ఎవరికి, ఎన్నిసార్లు అన్నది తేల్చడానికే పక్కన చికిత్సకుడు ఉంటాడు.

నెలనెలా డబ్బు కట్టించుకుని నాన్న గొంతును ఫోనులో అద్దెకిచ్చే యాప్ వేరే వ్యవహారం. మనిషి తేరుకుంటే దానికి నష్టం. కోపం అటు తిప్పండి. అడగకుండా గొంతు వాడుకోవడం మీదికీ తిప్పండి. 'కీడా కోలా' సినిమాలో దివంగత గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పలికించారని 2024లో ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. తండ్రి గొంతు బతకడం ఆయన అభ్యంతరం కాదు, కుటుంబాన్ని అడగకపోవడం. చికిత్స గదిలోనూ ముందు అడగాల్సింది ఇదే: పోయినాయన బతికుండగా ఒప్పుకున్నాడా, రికార్డింగులు ఎవరి చేతిలో ఉంటాయి, ఆపమన్నరోజు ఎవరు ఆపుతారు?